గైడ్ కట్టు మీద ఏ పూత? రాడ్ రిపేర్‌లో అందరూ తికమకపడే చోటు

గాలం రాడ్ మీద గైడ్, అంటే గాలం తాడు దూరి వెళ్లే రింగు ఉన్న ముక్క, పోతే కొత్తది కొనడం, దారంతో చుట్టడం వరకు పెద్దగా ఎవరూ తడబడరు. ఒకటి రెండు వీడియోలు చూసి, పాత కర్ర మీద నాలుగుసార్లు చుట్టి చూస్తే చెయ్యి తిరుగుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. చుట్టిన దారం మీద ఏం పూయాలి? ఒకాయన ఎపాక్సీ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దంటాడు, ఇంకొకాయన వార్నిష్ చాలంటాడు, నెయిల్ పాలిష్‌తోనే ఏళ్ల తరబడి లాక్కొస్తున్నానని మరొకాయన. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరి రాడ్ వేరు, దారం వేరు, గాలం వేసే నీళ్లు వేరు. ఆ సంగతులేవీ చెప్పకుండా పూత పేరు మాత్రం చెప్పేస్తే వినేవాడికి ఏం అర్థమవుతుంది?

నాకు ఇది నెత్తి మీద మొట్టినట్టు తెలిసింది. భీమిలి వైపు రాళ్ల మీద నిలబడి వాడే ఏడడుగుల గ్రాఫైట్ స్పిన్నింగ్ రాడ్ ఉంది నా దగ్గర. ఒకసారి జారి రాయికి కొట్టుకుని, కింది నుంచి మూడో గైడ్ వంగిపోయి రింగు ఎగిరిపోయింది. ఒక షాపులో ఇస్తే గంటలో కొత్త గైడ్ కట్టి ఇచ్చారు. గాజులా మెరుస్తోంది, చాలా సంతోషపడ్డాను. రెండు నెలలు తిరక్కుండానే గైడ్ కాలు (రాడ్‌కి ఆని దారం కింద ఉండే భాగం) చివర, కట్టు చుట్టూ వెంట్రుకంత సన్నని గీత పడింది. దాని లోపలి నుంచి గోధుమరంగు తుప్పు మరక. బ్లేడుతో విప్పి చూస్తే లోపల దారం పొడిపొడిగా, కొత్త రీలులోంచి అప్పుడే తీసినట్టుంది. పైన అంత మందంగా ఉన్న పూత లోపలికి ఒక్క పోగులో కూడా దిగలేదు. ఐదు నిమిషాల్లో గట్టిపడే జిగురు వాడినట్టున్నారు, దానికి లోపలికి ఇంకే టైమ్ ఎక్కడిది?

అప్పటి నుంచి ఏ పూత గురించి విన్నా నేను ముందు చూసేది ఒక్కటే: అది దారంలోకి ఇంకుతుందా, లేక దారం మీద పెంకులా కూర్చుంటుందా? బలం, రంగు, ఎన్నాళ్లు నిలుస్తుంది అనేవన్నీ దీనికే ముడిపడి ఉన్నాయి.

అసలు గైడ్‌ని పట్టి ఉంచేది దారమే. బిగువుగా పక్కపక్కనే పడిన చుట్లు గైడ్ కాలిని బ్లాంక్‌కి, అంటే రాడ్ గొట్టానికి, అదిమి పెడతాయి. కానీ చేప లాగినప్పుడు రాడ్ విల్లులా వంగుతుంది, గైడ్ కాలు ఇనుప ముక్క కాబట్టి అంతగా వంగదు. దాంతో కాలి చివర ప్రతిసారీ చిన్న తోపులాట జరుగుతుంది. ఒట్టి దారమైతే ఆ తోపులాటకి మెల్లగా పక్కకి జరుగుతుంది, రాయి గీసుకుంటే ఒక్క పోగు తెగి కట్టంతా విడిపోతుంది. దారంలోకి రెసిన్, అంటే పూతలో గట్టిపడే బంక, దిగి గట్టిపడితే చుట్లన్నీ కలిసి ఒకే ముక్క అవుతాయి. ఇంకో పని కూడా ఉంది. గైడ్ కాలికి రెండు పక్కలా దారం కింద సన్నటి సొరంగం లాంటి ఖాళీ ఉంటుంది, రాడ్ కట్టినవాళ్లకి అది బాగా తెలుసు. పూత పల్చగా ఉండి నెమ్మదిగా గట్టిపడితే ఆ సొరంగంలోకి కూడా పాకి నిండుతుంది. నిండకపోతే ఉప్పునీళ్లు అందులో చేరి కూర్చుంటాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ అయినా సరే, గాలి ఆడని చోట ఉప్పు నిలిస్తే తుప్పు పడుతుంది. నా రాడ్‌లో జరిగింది అదే.

మరి లోపలికి ఇంకే పూతే మంచిదైతే అందరూ అదే వాడొచ్చుగా అంటే, రంగు అడ్డం వస్తుంది. తెల్ల పంచె తడిస్తే ఏమవుతుందో తెలుసుగా, కింద ఉన్నదంతా కనిపిస్తుంది. దారం సంగతీ అంతే. పొడి నైలాన్ పోగుల మధ్య గాలి ఉంటుంది, వెలుగు దాని మీద పడి చెదిరిపోతుంది కాబట్టి మనకి రంగు నిండుగా కనిపిస్తుంది. ఆ గాలి ఉండే చోట్లోకి ఎపాక్సీ దిగితే, నైలాన్‌లోనూ ఎపాక్సీలోనూ వెలుగు వంగే తీరు దాదాపు ఒకటే కాబట్టి, చెదరకుండా నేరుగా లోపలికి పోతుంది. కింద నల్లటి గ్రాఫైట్. అందుకే ముచ్చటపడి చుట్టిన పసుపు దారం పూత పడగానే బురదరంగులోకి తిరుగుతుంది, ఎరుపు మెరూన్ అవుతుంది, తెలుపైతే దాదాపు మాయమే. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడ గాభరా పడిపోయి ఏదో తప్పు చేశామనుకుంటారు. నిజానికి అది దారం బాగా తడిసిందనడానికి గుర్తు.

ఈ రంగు గొడవకి దారులు రెండు. మొదటిది, రంగు మారకుండా ముందే శుద్ధి చేసిన నైలాన్ కొనడం. రీలు మీద ఎన్‌సీపీ అని ఉంటుంది. వేరే కలర్ ప్రిజర్వర్ అక్కర్లేదని దాని అర్థం. ఇది మామూలు నైలాన్ కంటే నిండుగా కనిపిస్తుంది, మెరుపు తక్కువ, రెసిన్‌ని కూడా కాస్త తక్కువే పీల్చుకుంటుంది. అయినా గైడ్ కట్టుకి సరిపోతుంది. రెండో దారి కలర్ ప్రిజర్వర్. నీళ్లలా పల్చగా ఉండే ఈ యాక్రిలిక్ ద్రవాన్ని ముందు దారం మీద రెండు మూడు సార్లు పూసి, బాగా ఆరాక పైన ఎపాక్సీ వేస్తారు. రంగు చక్కగా నిలుస్తుంది, నిజమే. కానీ దారంలో ఖాళీలన్నీ అప్పటికే ఈ ద్రవం ఆక్రమించేసింది కాబట్టి ఎపాక్సీకి లోపలికి వెళ్లే దారి లేదు. పైన పెంకులా ఉండిపోతుంది. పిడి పైన అందం కోసం చుట్టే డిజైన్లకి ఇది హాయిగా వాడుకోవచ్చు, అక్కడ దారం మీద ఏ భారమూ లేదు. గైడ్ల మీద మాత్రం వద్దనే నా మాట. రాళ్ల మీద, సముద్రంలో వాడే రాడ్ అయితే అసలు వద్దు. ప్రిజర్వర్ సగం సగం పూస్తే ఇంకో బాధ, ఎపాక్సీ అక్కడక్కడ దిగి మచ్చలు మచ్చలుగా తేలుతుంది. అలా అయ్యాక విప్పి మళ్లీ చుట్టడం తప్ప మార్గం లేదు.

నన్నడిగితే రాడ్ మీద మిగతా గైడ్ల రంగుకి కలిసేలా నలుపో, ముదురు నీలమో మామూలు నైలాన్ తీసుకుని, ప్రిజర్వర్ జోలికి పోకుండా నేరుగా పూత వేసేయడం రిపేర్‌కి అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ముదురు రంగు ఇంకాస్త ముదిరితే ఎవరికి కనిపిస్తుంది?

దారం సైజుల్లో మనకి పనికొచ్చేవి ముఖ్యంగా రెండు, ‘ఏ’ (A) సైజు సన్నది, ‘డి’ (D) సైజు లావు. చెరువులో కొరమీనుకి కప్ప ల్యూర్ (కప్ప బొమ్మ ఎర) విసిరే రాడ్ నుంచి మామూలు స్పిన్నింగ్ రాడ్ల దాకా ‘ఏ’ సైజు చాలు. సన్నగా ఉంటే పూత కూడా పల్చగా సరిపోతుంది, రాడ్ మీద బరువు పెరగదు. పడవ మీద నుంచి పెద్ద చేపలకి వాడే బరువైన రాడ్లకి డి. ఆన్‌లైన్‌లో రాడ్ దారం దొరకనప్పుడు ఎంబ్రాయిడరీ మెషిన్‌కి వాడే మెరిసే పాలిస్టర్ దారం వాడొచ్చు, అది నునుపుగా ఉంటుంది. మామూలు కుట్టు దారానికి నూగు ఎక్కువ. ఆ నూగు ప్రతి వెంట్రుక దగ్గరా ఒక బుడగని పట్టి ఉంచుతుంది, ఆరాక చేత్తో తడిమితే గరుకు తగులుతుంది. కాటన్ అసలు వద్దు, తడి చేరితే చివికిపోతుంది.

ఇక పూతల సంగతి.

ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది రాడ్ల కోసమే చేసిన రెండు సీసాల ఎపాక్సీ. ఒకదాంట్లో రెసిన్, ఇంకోదాంట్లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. ఇది మామూలు అతికించే ఎపాక్సీలా కాదు. పల్చగా పారుతుంది, గట్టిపడ్డాక కూడా కాస్త వంగే గుణం ఉంటుంది, అద్దంలా తేటగా ఉంటుంది. అతికించే ఎపాక్సీలు రెండు వస్తువులని పట్టి ఉంచడానికి చేసినవి, అవి చిక్కగా ఉంటాయి, ఎండకి త్వరగా పచ్చబడతాయి. రాడ్ ఎపాక్సీలో మళ్లీ రెండు రకాలు. హై బిల్డ్ అంటే చిక్కటిది, ఒకే పూతలో పనైపోతుంది. లైట్ బిల్డ్ పల్చటిది, రెండు పూతలు వేయాలి. తొందర లేకపోతే లైట్ బిల్డ్ తీసుకోండి. మొదటి పూత దారంలోకి, ఆ సొరంగాల్లోకి బాగా దిగుతుంది, రెండోది పైన నునుపు ఇస్తుంది. హై బిల్డ్‌తో కొత్తవాళ్లకి జరిగేది ఏంటంటే పూత ఎక్కువై మధ్యలో గుమిగూడి, కట్టు కాస్తా గుమ్మడి గింజలా ఉబ్బుతుంది. చూడ్డానికి బాగోదన్నది ఒకటైతే, కొన దగ్గర ఆ బరువు వల్ల రాడ్ మందకొడిగా తయారవుతుంది, చేప ముట్టుకున్నది చేతికి తెలియదు.

ఎపాక్సీ బాగా రావాలంటే కొలత, కలపడం, తిప్పడం, ఈ మూడూ కుదరాలి. నేను వాడేది రెండూ సమానంగా కలపాల్సిన రకం. ఒక గైడ్‌కి చుక్కలు చాలు కానీ చుక్కలతో కొలిస్తే తేడా వచ్చేస్తుంది, అందుకని వృథా అయినా సరే చెరో మూడు ఎంఎల్ తీసుకుంటాను. సిరంజిలు వేరువేరు, వాటి మీద మార్కర్‌తో ఆర్ అని, హెచ్ అని రాసి పెట్టుకుంటాను. మందుల షాపులో దొరికే సిరంజిల్లో నల్ల రబ్బరు ఉన్నవి తీసుకోకండి. ఆ రబ్బరు సులువుగా జారడానికి లోపల సిలికాన్ నూనె రాస్తారు, అది ఎపాక్సీలో కలిస్తే పూత మీద చేపకళ్లలా గుండ్రటి గుంటలు పడతాయి, ఎంత సర్దినా పూడవు. రబ్బరు లేని ప్లాస్టిక్ సిరంజిలు కూడా దొరుకుతాయి. చేతి జిడ్డుకీ ఇదే కథ, కాబట్టి చుట్టే ముందు బ్లాంక్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి తర్వాత ఒట్టి వేళ్లతో ముట్టుకోకూడదు.

కలపడం కనీసం మూడు నిమిషాలు, గిన్నె అంచులు, అడుగు గీస్తూ నెమ్మదిగా. సరిగ్గా కలవని చోట పూత ఎన్నాళ్లైనా బంకబంకగానే ఉండిపోతుంది. కలిపాక గిన్నెలో వదిలేయకుండా అల్యూమినియం ఫాయిల్ మీద పల్చగా పోసేస్తే బుడగలు వాటంతట అవే పైకొచ్చి పగులుతాయి. ఇంకో లాభం, ఎపాక్సీ కుప్పగా ఉంటే తన వేడికి తానే ఉడికి త్వరగా చిక్కబడుతుంది, పల్చగా పరిస్తే పని చేసుకునే టైమ్ పెరుగుతుంది. మన ఎండల్లో ఇది చాలా ముఖ్యం. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య దాదాపు రెట్టింపు వేగంతో జరుగుతుందని ఒక లెక్క ఉంది. 25 డిగ్రీల గదిలో నలభై నిమిషాలు పల్చగా ఉండేది, మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీల గదిలో ఇరవై నిమిషాలకే తీగ సాగుతుంది. వేసవిలో ఈ పని రాత్రి పూటో, ఏసీ గదిలోనో పెట్టుకోండి.

పూసేటప్పుడు కుంచెతో ముందు కట్టు మధ్యలో వేసి, రాడ్ తిప్పుతూ అంచుల వైపు లాగాలి. దారం అంచు దాటి బ్లాంక్ మీదకి ఒక మిల్లీమీటరు పోవాలి, అప్పుడే నీళ్లు దూరే సందు మూసుకుంటుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి దగ్గరగా చూడండి. మొదట దారం రంగు మచ్చలుగా మారుతుంది, గైడ్ కాలి పక్కన సన్నటి వెండి గీత ఒకటి మెరుస్తూ ఉంటుంది. అది సొరంగంలో చిక్కుకున్న గాలి. కాలి చివర ఒక చుక్క ఎక్కువ పెట్టి రాడ్‌ని కాస్త ఏటవాలుగా పట్టుకుంటే ఆ వెండి గీత నెమ్మదిగా పొట్టిదవుతూ, చివరికి ఒక బుడగై అవతలి వైపు నుంచి బయటికొస్తుంది. స్పిరిట్ దీపం వేడి ఒక్క క్షణం కింద నుంచి చూపిస్తే ఇంకా తేలిగ్గా దిగుతుంది, అంతకంటే ఎక్కువ సేపు పెడితే పూత ఉడుకుతుంది. ఆ గీత మాయమయ్యే దాకా నేను తర్వాతి గైడ్‌కి వెళ్లను.

తర్వాత మూడు నాలుగు గంటలు రాడ్ తిరుగుతూనే ఉండాలి, లేకపోతే పూత కిందికి జారి వేలాడుతుంది. ఒక్క గైడ్ కోసం యంత్రం కొనక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో ఎయిర్ కూలర్ స్వింగ్ మోటారు అడగండి, నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది, సరిగ్గా మనకి కావాల్సిన వేగం. అట్టపెట్టెకి రెండు పక్కలా వి ఆకారంలో కోసి రాడ్ ఆనించి, మోటారు కొనకి బాటిల్ మూత బిగించి, పిడిని దానికి టేప్‌తో కడితే చాలు. ఆ వైర్లు నేరుగా ఇంటి కరెంటుకే కాబట్టి అతుకులకి ఇన్సులేషన్ సరిగ్గా ఉండేలా చూసుకోండి. మోటారు లేకపోతే మొదటి గంట ప్రతి రెండు నిమిషాలకీ సగం చుట్టు చేత్తోనే తిప్పాలి, ఆ తర్వాత ఐదు నిమిషాలకోసారి.

తడిగాలి రోజున వేస్తే ఎపాక్సీ మీద జిడ్డు పొరలాంటిది తేలి మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. హార్డెనర్‌లోని అమీన్లు గాల్లోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలవడం వల్ల వచ్చేది అది. చాలాసార్లు గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో తుడిస్తే పోతుంది, కానీ తుడవకుండా రెండో పూత వేస్తే అది పట్టుకోదు. ఒక రోజైనా బంక వదలకపోతే ఇంకా వారం ఆగి ప్రయోజనం లేదు, సరిగ్గా కొలిచి కలిపిన పూత ఇంకోటి దాని మీదే వేసేయండి, సాధారణంగా కుదురుకుంటుంది. పల్చగా కావాలని ఎపాక్సీలో థిన్నర్ కలపడం మాత్రం వద్దు, అది పూర్తిగా ఎగిరిపోకుండా లోపలే ఉండి పూతని మెత్తగా ఉంచేస్తుంది.

ఎపాక్సీకి తేమ శత్రువైతే, తేమతోనే గట్టిపడే పూత ఇంకోటి ఉంది. ఒకే సీసాలో వచ్చే యురేథేన్. గాల్లోని తేమని తాగి గట్టిపడుతుంది కాబట్టి కోస్తాలో త్వరగా ఆరుతుంది. నీళ్లంత పల్చన, అందుకే దారంలోకి దిగడంలో దీని తర్వాతే ఏదైనా. గీతలు తట్టుకుంటుంది, బరువు తెలియదు. అయితే నాలుగైదు పూతలు వేసినా దారం గీతలు చేతికి తగులుతూనే ఉంటాయి, ఆ గాజులాంటి నునుపు కావాలనుకునేవాళ్లకి నచ్చదు. ఒకేసారి మందంగా పూస్తే లోపల వాయువు పుట్టి నురగ కడుతుంది. మూత తీసిన సీసా కొన్ని వారాల్లో లోపలే రాయి అవుతుంది. దాని ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, కిటికీలు తీసి, ఆర్గానిక్ ఆవిర్లకి పనికొచ్చే మాస్కు పెట్టుకుని చేయాలి. పిల్లలున్న ఇంట్లో గదిలో పెట్టుకుని చేసే పని కాదిది.

వార్నిష్ సంగతి వేరు. గ్రాఫైట్ రాడ్లు 1970లలో వచ్చాయి. అంతకుముందు, ఫైబర్ గ్లాస్ కూడా రాకముందు, వెదురుని చీల్చి ఆరు బద్దలు అతికించి చేసిన రాడ్లకి పట్టు దారం చుట్టి స్పార్ వార్నిష్ పూసేవారు. ఓడ కొయ్యల కోసం పుట్టిన వార్నిష్ అది, ఎండకీ వానకీ కొయ్యతో పాటు సాగే గుణం ఉంటుంది. పల్చటి పూతలు నాలుగైదు, ఒక్కో పూతకి కనీసం ఒక రోజు, వానాకాలంలో రెండు. వెదురు రాడ్ ఉన్నవాళ్లు ఈ పద్ధతిని వదలాల్సిన పనే లేదు. తెల్ల పట్టు దారం వార్నిష్‌తో తడిస్తే పూర్తిగా పారదర్శకమై, కింద వెదురు తేనెరంగులో కనిపిస్తుంది. నేను చూసిన కట్లలో అంత అందమైనది ఇంకోటి లేదు.

యూవీ రెసిన్ ఈమధ్య బాగా వినిపిస్తోంది. యూవీ (అతినీలలోహిత) టార్చి వేస్తే నిమిషాల్లో గట్టిపడుతుంది, గంటల తరబడి తిప్పే బాధ లేదు. దీంట్లో ఒక ఇబ్బంది ఉంది, వెలుగు తగిలిన చోటే ఇది గట్టిపడుతుంది. నల్ల దారం కింద, గైడ్ కాలి కింద చీకటే కదా? అక్కడ దిగిన రెసిన్ పచ్చిగానే ఉండిపోవచ్చు. లేత రంగు దారం, సన్న కట్టు, సింగిల్ ఫుట్ (ఒకే కాలు ఉండే) గైడ్ అయితే పనికొస్తుంది. వేసేటప్పుడు పల్చగా ఒక పొర, వెలుగు, మళ్లీ ఒక పొర, ఇలా పోవాలి. నెయిల్ పాలిష్, ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ జిగుర్లు నీటి ఒడ్డున ఆ రోజు గడవడానికి మాత్రమే. ఇన్‌స్టంట్ జిగురు గట్టిపడితే పెళుసు, రాడ్ వంగగానే పగులుతుంది, చుట్టూ తెల్ల పొడి కూడా పట్టిస్తుంది. సంచిలో కాస్త దారం, ఒక నెయిల్ పాలిష్ సీసా ఉంటే ఆ పూటకి చాలు, ఇంటికొచ్చాక విప్పి సరిగ్గా కట్టుకోవాలి.

విప్పడం అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. పాత కట్టు కోసేటప్పుడు బ్లేడు ఎప్పుడూ గైడ్ కాలి మీద, లోహం ఉన్న చోటే నడవాలి. బ్లాంక్ మీద కోత పడితే గ్రాఫైట్ పోగులు తెగుతాయి, అది కంటికి కనిపించకపోయినా ఒక రోజు మంచి చేప పడ్డప్పుడు సరిగ్గా అక్కడే రాడ్ రెండు ముక్కలవుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి కాసేపు చూపిస్తే పాత ఎపాక్సీ మెత్తబడి గోటితో ఒలిస్తే వచ్చేస్తుంది. లైటర్ మంట పెట్టకండి, బ్లాంక్‌లో ఉన్నదీ రెసినే. ఇక రాడ్ కొనలో ఉండే చివరి గైడ్‌కి, అంటే టిప్ టాప్‌కి, ఈ పూతలేవీ అక్కర్లేదు, అది వేడికి కరిగే జిగురుతో అతికించేది, మళ్లీ తీయాల్సి వస్తే సులువుగా రావాలి కాబట్టి.

రిపేర్ అయ్యాక మర్నాటికి పూత గట్టిగానే అనిపిస్తుంది, కానీ పూర్తి బలం రావడానికి దాదాపు వారం పడుతుంది, అప్పటిదాకా రాడ్‌ని కవర్లో పెట్టకండి, గుడ్డ నేత అచ్చు పడుతుంది. నా మూడో గైడ్‌ని రెండోసారి నేనే కట్టాను, ‘ఏ’ సైజు నల్ల నైలాన్, లైట్ బిల్డ్ రెండు పూతలు, ప్రిజర్వర్ లేదు. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, గైడ్ కాళ్ల చివర వేలిగోరు నెమ్మదిగా లాగి చూస్తాను. గీత పడితే కంటికంటే ముందు గోటికి తెలుస్తుంది.